ఎక్కువ మందికి నచ్చకూడని రేడియో

నేను ఏం ఉద్యోగం చేశానో మా అమ్మాయికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "డాడ్ రేడియో వినేవాడు, దానికే జీతం ఇచ్చేవాళ్ళు" అని ఇంగ్లీషులో చెప్పి నవ్వుతుంది. పూర్తిగా అబద్ధం కాదు. ప్రైవేటు రేడియోలు, టీవీలు లైసెన్సు షరతుల ప్రకారం నడుస్తున్నాయా లేదా అని చూసే ప్రభుత్వ శాఖలో, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ ప్రాంతీయ కార్యాలయంలో, పదవీ విరమణ దాకా పనిచేశాను. ఇప్పుడు దక్షిణాన ఒక పెద్ద ఊరి శివారు, క్లైడ్ నార్త్‌లో ఉంటున్నాను. ఇక్కడ సాయంత్రం నడకలో కలిసే మన పిల్లలు, కొత్తగా ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు, "అంకుల్, గవర్నమెంట్ జాబ్ బెటరా?" అని అడుగుతుంటారు. బెటరే నాయనా. వేళకు ఇంటికి రావచ్చు, వేళకు నిద్రపోవచ్చు. కాకపోతే ఎంత నిద్రపోయినా తీరని అలసట ఒకటి పట్టుకుంటుంది. అది ఎలా పట్టుకుంటుందో చెప్పాలంటే డార్విన్‌లో ఒక ఆంటీ గురించి చెప్పాలి.

ముందు కాస్త చట్టం. మీకు విసుగు పుట్టకుండా చెబుతాను, నాకు ఎప్పుడో పుట్టింది కనుక. ఇక్కడ ప్రైవేటు రేడియో పెట్టడానికి పెద్ద దారి వాణిజ్య లైసెన్సు. అవి ఊరికి కొన్నే ఉంటాయి, అన్నీ కంపెనీల చేతుల్లో ఉంటాయి, కొత్తవాళ్ళకి దొరకడం గగనం. చిన్న దారి కూడా ఒకటుంది. బలం తక్కువ ట్రాన్స్‌మిటరు, ఒక గది చాలు, లైసెన్సు సులువుగానే వస్తుంది. షరతు ఒక్కటే. కార్యక్రమాలు ఏదో ఒక చిన్న వర్గం కోసమే ఉండాలి. గుర్రప్పందాల వాళ్ళకో, పర్యాటకులకో, ఒక భాష వాళ్ళకో. ఊరందరికీ నచ్చేలా ఉంటే అది వాణిజ్య ప్రసారం కిందికి వస్తుంది. ఆ లైసెన్సు లేకుండా అది చేయడం నేరం. అంటే చిన్న రేడియో ఎక్కువ మందికి నచ్చడమే తప్పన్నమాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి విని నేనూ నవ్వాను. తర్వాత నవ్వకుండా అదే చట్టాన్ని అందరికీ వివరిస్తూ బతికాను.

డార్విన్‌లో మన తెలుగువాళ్ళు అలాంటి చిన్న లైసెన్సు తీసుకున్నారు. అక్కడ పాత ఇళ్ళు చాలావరకు స్తంభాల మీద ఉంటాయి. ఇంటి కింద కారు, బట్టలు ఉతికే మిషను పెట్టుకుంటారు. తెలుగు సంఘం అధ్యక్షుడు తన కారుని ఎండకి వదిలేసి, ఆ చోట చుట్టూ గోడలు కట్టించి, గోడలకు పాత పరుపులు తగిలించి స్టూడియో చేశాడు. వరంగల్ వైపు మనిషి, సర్కారు ఆఫీసులో ఐటీ ఉద్యోగం. ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందుండే మనిషి. ఏ పని చేసినా పది మందికి చెప్పకుండా మాత్రం ఉండలేడు.

ఆ రేడియోకి ప్రాణం ఆంటీ. కాకినాడ పక్కన ఊరు. డార్విన్ పెద్దాసుపత్రిలో ఏళ్ళ తరబడి కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటికే భర్త పోయారు. నాకంటే కాస్త పెద్దావిడ. ఊరంతా ఆంటీ అంటారు గానీ, నా వయసుకి ఆ పిలుపు నోట రాక నేను అక్కగారూ అనేవాణ్ణి. మధ్యాహ్నం ఆసుపత్రిలో షిఫ్టు మారే వేళకి ఆవిడ కార్యక్రమం వచ్చేది. పాటలు వేసేవారు, కబుర్లు చెప్పేవారు, ఎవరింట్లో కరివేపాకు మొక్క బతికిందో కూడా చెప్పేవారు. అంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఒక ఏడాది వానాకాలం మొదలయ్యే ముందు ఆసుపత్రికి కొత్తగా నర్సులు చాలామంది వచ్చారు. మలయాళీలు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ పిల్లలు. డార్విన్ వానాకాలం వాళ్ళకి కొత్త. అల్మరాలో బట్టలకి బూజు పడితే ఏం చేయాలి, కరెంటు పోతే ఫ్రిజ్‌లో పాలు ఎంతసేపు ఉంటాయి, ఏ వాగు దగ్గరికి పోతే మొసలి ఉంటుంది, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ ఉక్కలో ఏం తాగాలి, ఇవన్నీ బజార్లో కనిపించినప్పుడల్లా ఆంటీని అడగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే రేడియోలో చెబితే పోతుందని ఆవిడ చివరి అరగంట ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టారు. "లిసన్ అమ్మా" అని మొదలయ్యేది. ఆ ఇంగ్లీషులో గోదావరి యాస అలాగే ఉండేది. వాక్యానికీ వాక్యానికీ మధ్య, అవతలి మనిషి తలూపేదాకా ఆగినట్టు ఆగేవారు.

ఆ అరగంట ఊరిని పట్టేసింది. ఆసుపత్రి వంటగదిలో అదే, టాక్సీల్లో అదే, ఇనప సామాన్ల దుకాణంలో అదే. మా ఆఫీసులో నాతోపాటు తిరిగే టెక్నీషియను, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆస్ట్రేలియన్, మా సర్కారు బండి రేడియోలో దాన్ని మొదటి బటన్‌కి పెట్టుకున్నాడు. అడిగితే "నా భార్య వినమంది, మేట్" అన్నాడు.

అప్పుడు వాణిజ్య రేడియోవాళ్ళు ఫిర్యాదు పెట్టారు. తమ దగ్గర ప్రకటనలిచ్చే ఏసీ మెకానిక్కు ఒకాయన, నా ప్రకటన ఆ ఆంటీతో చదివిస్తే బాగుంటుందని నోరుజారాడట. ఊరంతా వినే ప్రసారాన్ని చిన్న లైసెన్సు మీద నడుపుతున్నారని వాళ్ళ ఆరోపణ. వాళ్ళని తిట్టుకోలేను. కష్టపడి లైసెన్సు సంపాదించుకున్నవాళ్ళు వాళ్ళు.

ఇంటర్నెట్‌లో పెట్టుకోవచ్చు కదా అని మీకు వెంటనే తోస్తుంది. పెట్టారు కూడా. అక్కడ ఎవరికి ఎంత నచ్చినా మా శాఖ అడగదు. అదే మాట ట్రాన్స్‌మిటరు నుంచి గాలిలో వెళితేనే అడుగుతుంది. కానీ డార్విన్‌లో గాలివాన వస్తే ముందు కరెంటు పోతుంది, దాని వెనకే ఫోను టవర్లు పోతాయి. మిగిలేది కారులో రేడియో, బ్యాటరీ రేడియో. పైగా గిన్నెలు కడిగే మనిషి తడిచేతులతో ఫోను నొక్కుతూ కూర్చోదు కదా.

ఫైలు నా దగ్గరికి వచ్చింది. మా పై అధికారిణి దక్షిణాన పెద్ద ఊళ్ళో ఉంటారు, మేం వీడియో కాల్‌లో తెరమీదే కలుసుకుంటాం. ఆ రేడియోవాళ్ళు మా తెలుగు సంఘం వాళ్ళు, పండగలకి కలుస్తుంటాను, ఈ విచారణ నాకు వద్దని ముందే చెప్పాను. "డార్విన్‌లో ఎవరికి ఎవరు తెలియదు? ఆ భాష వచ్చింది నీకొక్కడికే. నువ్వు చెప్పిన మాట రాసుకున్నాను, నువ్వే వెళ్ళు" అన్నారు.

నిజం చెప్పాలంటే, ఆ అరగంట నిలబడే దారి ఒకటి నాకు కనిపించింది. ఊరికి కొత్తగా వచ్చిన ఆసుపత్రి సిబ్బంది కూడా ఒక చిన్న వర్గమే. 'మేం వాళ్ళ కోసమే మాట్లాడుతున్నాం, మిగతావాళ్ళు విన్నా వినకపోయినా మాకు తెలియదు' అని సంఘం వాళ్ళు చెబితే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుందని నేను రాయగలను కూడా. కానీ ఆ మాట నేను వాళ్ళకి నేర్పకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పాలి.

టెక్నీషియనుకి ఇదంతా తెలుసు. బండి నడుపుతూ అన్నాడు. "ఒక్క పూట మీవాళ్ళు మమ్మల్నెవరూ వినరు అని చెబితే పని అయిపోతుంది. చెబుతారా?"



ఆఫీసుకి చేరగానే అధ్యక్షుడికి ఫోన్ చేసి, ఫలానా రోజు మధ్యాహ్నం తనిఖీకి వస్తున్నాం, పాత కార్యక్రమాల రికార్డింగులు సిద్ధంగా ఉంచండి అన్నాను. ఇది ఫంక్షన్ కాదు అని కూడా అన్నాను.

"అయ్యో, ఫంక్షన్ ఏం లేదు సార్. మన తెలుగాయన అంత పెద్ద పోస్ట్‌ల ఉండి మన స్టూడియోకి ఫస్ట్ టైమ్ వస్తున్నరు. జస్ట్ సింపుల్‌గ చేస్తం."

"ఏం చేస్తారండీ?"

"ఏం చెయ్యం సార్. మీరు రండి."

వెళ్ళేసరికి ఆ వీధంతా కార్లు. ఇంటి ముందు బ్యానరు, దాని మీద నా ఫోటో. ఎప్పుడో పిక్నిక్‌లో బార్బెక్యూ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నది, చేతిలో గరిటె వరకు కత్తిరించారు. ఆ ఉక్కలో ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని చెమటలు కక్కుతున్నారు. పులిహోర, సమోసాలు, వరసగా కుర్చీలు. మొదటి వరసలో మలయాళీ సంఘం, నేపాలీ సంఘం, టాక్సీవాళ్ళ తరఫున ఒకాయన, పక్కవీధి గ్రీకు పెద్దాయన. రేడియో ఎంత గొప్పదో అధికారికి చెప్పడానికి అందర్నీ పిలిచారు.

"సర్, ఇది తనిఖీ" అన్నాను అధ్యక్షుడి చెవిలో.

"తెలుసు సార్. అందుకే కదా అందర్ని పిలిచిన. ఒక్క ఫైవ్ మినిట్స్."

అప్పటికే మైకు పట్టుకున్నాడు. మన తెలుగు రేడియో ఇవ్వాళ తెలుగోళ్ళది మాత్రమే కాదన్నాడు. "డార్విన్ మొత్తం మన రేడియోనే వింటది. తెల్లోళ్ళు వింటున్నరు, అందరు వింటున్నరు. పెద్ద పెద్ద కమర్షియల్ స్టేషన్స్ కన్నా మనకే క్రేజ్ ఎక్కువ. డౌట్ ఉంటే సార్‌నే అడగుండ్రి" అని నావైపు చెయ్యి చూపించాడు. చప్పట్లు. మలయాళీ సంఘం కార్యదర్శి లేచి తామూ రోజూ వింటామన్నాడు. గ్రీకు పెద్దాయన తన కుక్క కూడా వింటుందన్నాడు.

మధ్యలో ఇద్దరు నన్ను లేపి నిలబెట్టి శాలువా కప్పారు. వద్దు వద్దంటుంటే "సార్ మస్తు మోడెస్ట్" అని అధ్యక్షుడు మైకులో చెప్పాడు. టెక్నీషియను సిగ్నల్ కొలిచే మీటరు చేత్తో పట్టుకుని మూల నిలబడి ఉంటే అతనికీ ఒకటి కప్పారు. అతను చాలా సంతోషపడ్డాడు. ఆ చెమటలోనే భుజాల మీద సర్దుకుని ఫోటోకి నిలబడ్డాడు.

అప్పుడు చూశాను స్టూడియో తలుపు మీద ఎర్ర బల్బు. వెలుగుతోంది. అంటే ఇదంతా అప్పటికప్పుడే గాలిలో వెళుతోంది.

మనవాళ్ళని మీరు ఎరుగుదురు. ఇంటికి వచ్చిన మనిషిని గొప్పవాడని నలుగురిలో చెప్పకపోతే మర్యాద తప్పినట్టు. మనల్ని మనం తక్కువ చేసుకుని చెప్పుకుంటే పరువు పోయినట్టు. ఈ రెండూ ఒకే మైకులో కలిశాయి. ఏ పాపం ఎరగరు. అధికారిని గౌరవిస్తున్నామనే అనుకున్నారు. నాకు కోపం రాలేదు.

ఆంటీ మాత్రం నా మొహం చూసి కనిపెట్టారు. రికార్డింగులు తీసుకుంటానని లోపలికి వెళితే వెనకే వచ్చి తలుపు వేసి, లోపలి మైకు ఆపేశారు.

"ఏం తమ్ముడూ, ఏదో తేడా చేసేశామా?"

"ఇప్పుడు నేనేం చెప్పకూడదండీ అక్కగారూ."

"చెప్పకండి లెండి. మీ మొహమే చెబుతుంది." మైకు ముందు కుర్చీలో కూర్చున్నారు. "డ్యూటీ మానేశాక నన్నెవరూ ఏమీ అడగలేదండి. అన్నేళ్ళు పొద్దస్తమానం సిస్టర్ ఇది, సిస్టర్ అది అని పిలిచినోళ్ళు, ఒక కేక్ కట్ చేసి పంపించేశారు. ఇంట్లో ఆయనా లేరు. ఫోన్ మోగితే రాంగ్ నంబరే. ఈ అరగంట వచ్చాకే మళ్ళీ అడుగుతున్నారండి. అది తీసేస్తారేంటండి?"

రికార్డింగులు సంచీలో వేసుకున్నాను. బయట ఎవరో వందన సమర్పణ మొదలుపెట్టారు.

ఆ ప్రసారాన్ని వాణిజ్య రేడియో మేనేజరు కారులో విన్నాడు. విచారణ చేసే అధికారికి అదే స్టూడియోలో సన్మానమా అని మర్నాడే ఇంకో ఫిర్యాదు, సంఘం వాళ్ళు నెట్‌లో పెట్టిన ఫోటోతో సహా. పై అధికారిణి తెరమీద కనిపించి, కోపంగా కూడా కాదు, విసుగ్గా అడిగారు. "నీ భుజాల మీద కప్పింది ఏమిటి? టవలా?" శాలువా అంటే ఏమిటో, దానర్థం ఏమిటో వివరించాను. వివరించిన కొద్దీ సంగతి ఇంకా అధ్వాన్నంగా వినిపించింది. నన్ను ఆ విచారణ నుంచి తప్పించారు. శాలువా నియమం ప్రకారం ఆఫీసు బీరువాలోకి వెళ్ళింది. టెక్నీషియను తన శాలువా కూడా అప్పగించాల్సి వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దక్షిణాన ఉన్న పెద్దాఫీసు నుంచి వేరే అధికారి వచ్చాడు. జాగ్రత్తగల మనిషి, చెడ్డవాడు కాదు. ఎవరినీ పెద్దగా అడగాల్సిన పని లేకపోయింది. ఊరంతా మా రేడియోనే వింటుందని అధ్యక్షుడే స్వయంగా గాలిలో చెప్పాడు, తక్కిన సంఘాలవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పారు. ఇంగ్లీషు అరగంట ఆపాలి, లేకపోతే లైసెన్సు రద్దు అని నిర్ణయం రాశాడు. నేను ఆద్యంతం చదివాను, వంక పెట్టడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

దాన్ని వాళ్ళకి అందజేసి సంతకం తీసుకోవలసింది మాత్రం స్థానిక కార్యాలయం. అంటే నేను. అధ్యక్షుడు చదివి, మళ్ళీ చదివి, తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"నా నోటితోని నేనే ముంచిన్నా సార్?"

ఆంటీ అతని భుజం తట్టి, "ఊరుకో బాబూ, మంచిగా చెప్పడం కూడా తప్పవుద్దని నీకేం తెలుసు" అన్నారు. నన్ను చూసి, "కాఫీ తాగి వెళ్ళండి తమ్ముడూ" అన్నారు. తాగాను. అంత కష్టంగా కాఫీ ఎప్పుడూ తాగలేదు.

మర్నాటి నుంచి ఆవిడ మొత్తం కార్యక్రమం తెలుగులోనే చేశారు. బూజు గురించి, పాల గురించి, మొసళ్ళ గురించి అన్నీ తెలుగులోనే. చట్టానికి అభ్యంతరం లేదు. డార్విన్‌లో మనం ఎంతమందిమి ఉన్నామో, అంతమందికీ అవన్నీ ముందే తెలుసు.

ఆ వానాకాలంలోనే తుఫాను హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికే ఆఫీసు మూసేయమన్నారు. టెక్నీషియను బండి తీసుకుని యాంటెన్నాలు భద్రం చేయడానికి వెళ్ళాడు. మా కారు మా ఆవిడ దగ్గర ఉంది. నేను టాక్సీ ఎక్కాను. డ్రైవరు ఇథియోపియా నుంచి వచ్చిన యువకుడు. రేడియోలో ఆంటీ గొంతు, తెలుగులో.

"నీకు ఈ భాష వచ్చా?" అని అడిగాను.

"ఒక్క ముక్క రాదు. ఇదివరకు ఈమె ఇంగ్లీషులో చెప్పేది. ఇప్పుడు ఎందుకో మానేసింది. అయినా పెడతాను. ఈ రోజు నెమ్మదిగా మాట్లాడుతోంది చూడు, అంటే సంగతి గట్టిదే." అద్దంలో నన్ను చూశాడు. "నువ్వు ఇండియానే కదా. ఏమంటోంది?"

ఆ ఇంగ్లీషుని ఆపించిన మా ఆఫీసు కార్డు నా మెడలో వేలాడుతోంది. తీసి జేబులో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. అధికారిక హెచ్చరికలు ప్రభుత్వ రేడియోలో వస్తూనే ఉన్నాయి, అందులో ఏ లోటూ లేదు. అతను అడిగింది వాటిని కాదు.

చెప్పడం మొదలుపెట్టాను. స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టుకోమంటోంది. కారుని చెట్టు కింద పెట్టొద్దంటోంది. రేపటి మందులు ఈ రోజే సంచీలో వేసుకోమంటోంది. ఆవిడ వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగుతున్నారు, ఆ సందులో నేను ఇంగ్లీషులో చెబుతున్నాను. నెలలు నిండినవాళ్ళు నొప్పులు వచ్చేదాకా ఇంట్లో కూర్చోవద్దు, రోడ్లు మూసేయకముందే ఆసుపత్రికి వెళ్ళి అక్కడే ఉండండి అంటోంది.

అతను బండి పక్కకి ఆపాడు. "ఆ మాట మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"నా భార్యకి నెలలు నిండాయి. రేపు చూద్దాంలే అనుకున్నాం. ముందు మా ఇంటికి పోదామా? నీకు ఫరవాలేదా?"

పోదామన్నాను. గాలి అప్పటికే చెట్ల కొమ్మల్ని వంచుతోంది. ఆ అమ్మాయి ఒక సంచీ, ఒక దుప్పటి పట్టుకుని మెల్లగా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఆసుపత్రిలో శుభ్రం చేసే పని చేస్తుందట. రేడియోలో గొంతు వినగానే ముందుకు వంగింది. నేను తెలుగు మనిషినని భర్త చెప్పాడు.

"అయితే నీకు తెలిసి ఉంటుంది. ఈమె మాతో మాట్లాడటం ఎందుకు మానేసింది? మేమేమైనా తప్పు చేశామా?" అంది.

జవాబు నాకు తెలుసు. ఎక్కడా లోపం లేని జవాబు, నా చేతులతో నేనే అందజేసిన జవాబు. చిన్న వర్గం, పెద్ద వర్గం, వాణిజ్య లైసెన్సు, షరతు. రెండు భాషల్లో చెప్పగలను. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని నా వైపు చూస్తోంది.

"మీ తప్పేమీ లేదమ్మా" అని మాత్రం అన్నాను.

ఆసుపత్రి దీపాలు కనిపిస్తున్నాయి. రేడియోలో ఆంటీ మళ్ళీ ఆగి, మెల్లగా ఇంకో మాట చెప్పారు.

"ఇప్పుడేమంది?" అని అడిగింది వెనకనుంచి.

"భయపడకండమ్మా, నేను ఇక్కడే ఉన్నాను అంటోంది" అన్నాను.